"అయిపోయింది" అంటే ఏమైపోయింది? అపార్ట్‌మెంటు గ్రూపుల అడ్మిన్లకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు నగరాల్లోని అపార్ట్‌మెంటు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు,

నమస్కారం.

గ్రూపులో పొద్దున్నే ఒకరు అడుగుతారు, "లిఫ్టు రిపేరు ఎంతవరకొచ్చింది?" అని. ఆ వెనకే ఇంకొకరు, "జనరేటర్‌లో డీజిల్ ఉందా?" అంటారు. పావుగంట తర్వాత మూడో మనిషి ఒకే ఒక్క మాట రాస్తారు: "అయిపోయింది." రిపేరు అయిపోయిందా, డీజిల్ అయిపోయిందా? అయిదో అంతస్తు పెద్దావిడ రిపేరే అయిపోయిందనుకుని సంచీ పట్టుకుని లిఫ్టు ముందుకొచ్చి నిలబడతారు. రాసినాయన అబద్ధం చెప్పలేదు. ఆయన జవాబుకు ప్రశ్న తగిలించి లేదు, అంతే.

ఈ రెండు ఊళ్లలో ఇలాంటి గ్రూపులు నడుపుతున్న కొందరం కలిసి రాస్తున్న లేఖ ఇది. గ్రూపుల్లో గొడవలకు మనుషుల స్వభావమే కారణమని అందరూ అంటారు. సగం గొడవలకు కారణం జవాబు రాసే తీరేనని మా అభిప్రాయం. అది సరిదిద్దుకోగలిగినది. అడ్మిన్లు ముందు తాము మొదలుపెడితే మిగతావాళ్లు చూసి నేర్చుకుంటారు. అందుకే మీకు రాస్తున్నాం.

తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది. వచ్చింది, లేదు, చెప్పాను, రేపే, ఇచ్చేశాం. ఎదురెదురుగా ఉన్నప్పుడు చూపో, చెయ్యో, గుమ్మం వైపు తిప్పిన తలో మిగతాది పూర్తి చేస్తుంది. గ్రూపులో అవేవీ ఉండవు. పైగా మీరు టైపు చేస్తున్న అర నిమిషంలో మధ్యలో మరో నాలుగు మెసేజ్‌లు దూరతాయి. కాబట్టి ఏ జవాబైనా తన ప్రశ్నను వెంటబెట్టుకునే రావాలి. దానికి ఉన్న సాధనం 2016 నుంచీ మన ఫోన్లలో ఉంది. ఏ మెసేజ్‌కు జవాబిస్తున్నారో దాని మీద వేలు పెట్టి కుడివైపుకు జరిపితే, అది కింద టైపు చేసే గడి మీద చిన్న పెట్టెలా కూర్చుంటుంది. అప్పుడు రాయండి. వేలు జరపడం కుదరని పెద్దవాళ్లు మెసేజ్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే పైన వంపు తిరిగిన బాణం కనిపిస్తుంది, దాన్ని నొక్కినా అదే పని జరుగుతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నవాళ్లకు మామూలు మెసేజ్ చప్పుడు వినపడదు. వాళ్ల మెసేజ్‌ను పట్టుకుని జవాబిస్తే, లేదా వాళ్ల పేరు ట్యాగ్ చేస్తే మాత్రం మామూలుగా కబురు అందుతుంది. "నేను అడిగి రెండు రోజులైంది, ఎవరూ పలకలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి జవాబు ఎప్పుడో వచ్చి ఉంటుంది, అడిగినవాళ్లకే తెలిసి ఉండదు.

ఒకే మెసేజ్‌లో మూడు ప్రశ్నలు అడిగితే మూడింటికీ విడివిడిగా చెప్పండి. లేదా 1, 2, 3 అని అంకెలు వేసి ఒకే జవాబులో రాయండి. మొదటిదానికి మాత్రం జవాబిచ్చి ఊరుకుంటే మిగతా రెండూ గాల్లో ఉంటాయి.

కాదు అనే అర్థంలో అడిగిన ప్రశ్నల దగ్గర మరీ జాగ్రత్త. "నీళ్లు రాలేదా?" అంటే కొందరు "అవును" అంటారు, అంటే రాలేదని. కొందరు అదే "అవును"తో వచ్చాయని చెబుతారు. బొటనవేలు గుర్తు పెడితే ఇక దేవుడికే తెలియాలి. "వచ్చాయి", "రాలేదు" అని క్రియతో చెప్పండి. వీలైతే ఏ బ్లాకుకో కూడా.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లతో మాకు తగువేమీ లేదు, టైపింగ్ అలవాటు అలా పడింది. కానీ ఆ అక్షరాల్లో దకారానికీ డకారానికీ తేడా పోతుంది. రాదు, రాడు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. "ఈ రోజు రాదు" అంటే కరెంటు రాదనా, "ఈ రోజు రాడు" అంటే ఎలక్ట్రీషియన్ రాడనా? గది తియ్యమన్నారో గడి తియ్యమన్నారో కూడా తేలదు. అలా రాసేవాళ్లు కనీసం ఆ ఒక్క నామవాచకాన్నీ వదిలెయ్యకుండా రాస్తే చాలు: "ఎలక్ట్రీషియన్ ఈ రోజు రాడు." కీబోర్డు దగ్గర మైకు నొక్కి తెలుగులో పలికితే తెలుగు అక్షరాలే పడతాయి, అక్కడక్కడ తప్పులు దిద్దుకోవాలి.

తర్వాత మర్యాద సంగతి. "లేదు" అని నోటితో చెప్పినప్పుడు గొంతు మెత్తగా ఉంటే అది మర్యాదే. రాసినప్పుడు గొంతు ఉండదు. తెలుగులో ఆ గొంతు పనిని "అండి" చేస్తుంది. "లేదు", "లేదండీ" మధ్య తేడా రెండక్షరాలే, కానీ మొదటిది రాత్రి పది గంటలకు చదివితే తలుపు ధడాలున వేసినట్టు ఉంటుంది. "చెప్పాను కదా", "పైన చదవండి" అనేవి ఇంకా చెడ్డవి. అడిగినవాళ్లు నిజంగానే పైన చదవకపోయి ఉండొచ్చు. అయినా ఆ పాత మెసేజ్‌నే పట్టుకుని "ఇదిగోనండీ" అని చూపిస్తే పని అయిపోతుంది, ఎవరికీ నొప్పి ఉండదు. ట్యాగ్ చేసినప్పుడు పేరు పక్కన "గారు" మీరే చేర్చాలి, ఫోను చేర్చదు. 302 ఆంటీ, 504 అంకుల్ అని పిల్లలు పిలిచినా, పెద్దవాళ్లు కూడా అలాగే రాయడం ఎవరికీ నచ్చదు. ఇక మామూలుగా "మీరు" అనేవాళ్లు ఉన్నట్టుండి "తమరు" అన్నారంటే యుద్ధం మొదలైనట్టే. అడ్మిన్లు ఆ మాట కనపడగానే ఫోన్ తీసి ఇద్దరికీ కాల్ చేయడం మంచిది.

కృతజ్ఞతల లెక్క ఒకటి చూపిస్తాం. 110 మంది ఉన్న గ్రూపులో కార్యదర్శి "మోటారు బాగైంది" అని పెడతారు. 40 మంది "థాంక్యూ" అంటారు. ఒక్కో థాంక్యూ మిగతా 109 మంది ఫోన్లకు వెళుతుంది. మొత్తం 4,360 కబుర్లు. ఆ గుట్టలో "మూడో అంతస్తులో పైపు కారుతోంది" అన్న మెసేజ్ ఒకటి కూరుకుపోతుంది. థాంక్యూ రాసే బదులు కార్యదర్శి మెసేజ్‌నే నొక్కి పట్టి ఒక ఎమోజీ గుర్తు పెడితే చాలు. 2022 మే నుంచి ఈ వీలుంది. గుర్తు పెడితే మెసేజ్ రాసినవారికి తప్ప ఇతరుల ఫోన్లు మోగవు.

మరణవార్త విషయం వేరు. చావుకు గుర్తు పెట్టడం ఏమిటి, ఒక మాట రాయొద్దా అని పెద్దవాళ్లు బాధపడతారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. కానీ యాభై "ఓం శాంతి"ల కింద అంత్యక్రియలు ఎప్పుడో, ఎక్కడో చెప్పిన మెసేజ్ మునిగిపోతే వెళ్లాల్సినవాళ్లు వెళ్లలేరు. మేము సూచించేది ఇది: గ్రూపులో ఆ వార్త మీద దండం గుర్తు, కుటుంబానికి విడిగా ఒక మాట. అడ్మిన్ ఆ సమయం, స్థలం ఉన్న మెసేజ్‌ను 24 గంటలు చాట్ పైన కనపడేలా పిన్ చేయాలి. గుర్తు పెట్టేటప్పుడు వేలు జారి నవ్వు బొమ్మ పడుతుంటుంది, ఒకసారి చూసుకోండి. పడితే అదే గుర్తును మళ్లీ నొక్కితే పోతుంది.

"చూద్దాం", "చేద్దాం", "ఎవరైనా చూడండి" అనేవి జవాబులు కావు. వాటిలో పని చేసే మనిషి లేడు. కరెంటు పోయినప్పుడు గ్రూపు చూడండి: "మాకు లేదు", "మాకూ లేదు", "బి బ్లాకులో కూడా" అని పాతిక మెసేజ్‌లు పడతాయి. ఒక్కరూ ఫిర్యాదు చేసి ఉండరు, ఎవరికి వారు ఎదుటివారు చేశారనుకుంటారు. కాదంటే పదిమందీ చేసి ఉంటారు. కావలసిన జవాబు ఒకటే: "1912కి చేశానండీ, ఫిర్యాదు నంబరు ఇది, 7.20కి నమోదైంది, ఇంకెవరూ చేయక్కర్లేదు." దానికి ముందు పక్క బిల్డింగులో లైట్లున్నాయో లేదో, మూడు ఫేజుల్లో ఒక్కటే పోయిందో చూసి ఆ ముక్క కూడా రాస్తే లైన్‌మన్‌కు సగం పని తగ్గుతుంది. కరెంటు వచ్చాక అదే మనిషి తన మెసేజ్‌ను తానే పట్టుకుని "వచ్చింది, 8.05" అని ముగించాలి. ఇలా ఎవరు మొదలుపెట్టారో వారే ముగించడం అలవాటైతే, గ్రూపులో ఏ పని మిగిలిందో అడ్మిన్‌కు వెతకకుండానే తెలుస్తుంది.

దిద్దడం గురించి. మెసేజ్ పంపిన 15 నిమిషాల వరకు దాన్ని సవరించవచ్చు. అక్షర దోషాలకు బాగుంటుంది. మీటింగ్ 6 గంటలకని రాసి, పది నిమిషాల తర్వాత దాన్నే 7 అని సవరిస్తే మాత్రం ముందే చదివినవాళ్లకు కొత్త కబురేమీ వెళ్లదు. వాళ్లు ఆరింటికే వచ్చి కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. అర్థం మారే సవరణ ఏదైనా కొత్త మెసేజ్‌గా, పాతదాన్ని పట్టుకుని రాయాలి: "6 కాదండీ, 7." చెరిపేయడానికి గడువు దాదాపు రెండున్నర రోజులు. కానీ దానికి వచ్చిన జవాబుల్లో అతుక్కున్న తునక మిగిలే ఉంటుంది. కోపంలో రాసి చెరిపితే, ఆ మాటతో పాటు చెరిపిన సంగతి కూడా అందరికీ తెలుస్తుంది.

డబ్బు సంగతులు గ్రూపులో వద్దు. మెయింటెనెన్స్ కట్టిన స్క్రీన్‌షాట్ 60 ఫ్లాట్ల వాళ్లూ గ్రూపులో పెడితే 60 మంది యూపీఐ ఐడీలు అందరి ఫోన్లలో భద్రమవుతాయి. కోశాధికారికి విడిగా ఫ్లాట్ నంబరు, నెల, 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు పంపితే చాలు. ఆయన వారానికోసారి అందిన ఫ్లాట్ల జాబితా పెడతారు. అందనివాళ్ల జాబితా పెట్టకూడదు. గ్రూపులో బాకీ అడిగించుకున్న మనిషి ఆ నెల కడతాడు, ఆ తర్వాత మీటింగులకు రావడం మానేస్తాడు.

ఓటు కోసం పోల్ పెట్టేటప్పుడు రెండు సంగతులు మరవద్దు. ఒకటి కంటే ఎక్కువ ఎంచుకునే వీలు మొదట ఆన్‌లోనే ఉంటుంది. రంగు వేయించాలా వద్దా లాంటి ప్రశ్నకు దాన్ని ఆపకపోతే ఒకే మనిషి అవునని, కాదని రెండూ నొక్కుతాడు. రెండోది, పోల్‌లో ఓటు ఫోను నంబరుకు ఒకటి, ఫ్లాటుకు ఒకటి కాదు. ముగ్గురు సభ్యులున్న ఇంటికి మూడు ఓట్లు. ఎవరు దేనికి వేశారో అందరికీ కనపడుతుంది కూడా. అందుకని పోల్‌ను అభిప్రాయం తెలుసుకోవడానికి వాడండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలోనే రాసుకోవాలి.

తగువుల గురించి 1995 అక్టోబరులోనే, ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఆర్ఎఫ్‌సీ 1855 పేరుతో ఒక మర్యాదల పట్టిక వచ్చింది. అప్పటికి మన ఇళ్లలో ఇంటర్నెట్ లేదు. అందులో చెప్పిన రెండు సంగతులు ఇప్పటికీ పనికొస్తాయి. కోపంతో కూడిన జవాబును ఒక రాత్రి ఆపుకోమన్నారు. ఇద్దరి మధ్య వాదన అయితే గుంపు ముందు కాకుండా విడిగా రాసుకోమని, గుంపుకు పనికొచ్చేది ఉంటే తర్వాత సారం చెప్పమని సలహా ఇచ్చారు. మేము దీన్ని ఇలా పాటించమంటాం: పార్కింగ్ గురించి ఇద్దరు చెరో రెండుసార్లు రాసుకున్నా తేలకపోతే, మూడో జవాబు గ్రూపులో వద్దు. కిందికి దిగి పార్కింగ్ దగ్గరే మాట్లాడుకుని, తేలినది ఒక్క వాక్యంలో గ్రూపులో పెట్టాలి. మెసేజ్‌ను నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో విడిగా జవాబిచ్చే వీలుంది, ఆ పాత మాట అక్కడికీ వెంట వస్తుంది.

అడ్మిన్లలో కొందరు గొడవ మొదలవగానే గ్రూపుకు తాళం వేసి, అడ్మిన్లు మాత్రమే రాసేలా మారుస్తున్నారు. గంటసేపైతే తప్పు లేదు, ఎప్పటిదాకానో, ఎందుకో చెప్పి వేయండి. "ఎవరో ఏదో రాస్తే నా మీద కేసు పడుతుంది" అన్న భయంతో శాశ్వతంగా మూసేయడం మాత్రం సరికాదు. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్‌ను అడ్మిన్ అయినందుకే బాధ్యుణ్ని చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగ్‌పుర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అయినా తప్పుడు మెసేజ్ కనపడితే తీసేయండి. ఇతరుల మెసేజ్‌ను కూడా అందరికీ కనపడకుండా చెరిపే వీలు అడ్మిన్‌కు ఉంది. చెరిపాక ఎందుకో ఒక వాక్యం రాయండి, లేకపోతే ఊహలు మొదలవుతాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ రోజువారీ చిరాకులు. వరద వచ్చినప్పుడు ఇవే ప్రాణాల మీదికి వస్తాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం వైపు ముంచెత్తింది, ఆ వెంటే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. అలాంటప్పుడు సహాయం అడిగే మెసేజ్ ఒక ఫోను నుంచి బయల్దేరి గంటలో ఊరంతా తిరుగుతుంది. ఫార్వర్డ్ చేసినప్పుడు మొదట రాసిన గంట దాని వెంట రాదు, మొదట రాసిన మనిషి పేరూ రాదు. చదివినవాళ్లకు అది ఇప్పుడే పుట్టినట్టు కనిపిస్తుంది. ఆ కుటుంబం నిన్ననే బయటపడి ఉంటుంది, పడవ మాత్రం ఈ రోజు మళ్లీ అక్కడికే వెళుతుంది. అదే వీధిలో ఇంకో మేడ మీద నిజంగా ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటారు.

అందుకని అలాంటి మెసేజ్‌లో తారీఖు, గంట కూడా టైపు చేయాలి. డోరు నంబరు, ఎన్నో అంతస్తు, ఎంతమంది, వాళ్లలో పసిపిల్లలు, గర్భిణులు, మంచం పట్టినవాళ్లు ఎందరు, ఇన్సులిన్ లాంటి మందేదైనా కావాలా అన్నవి ఉండాలి. "సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర" అంటే చాలదు, ఫ్లైఓవర్‌కు ఏ వైపు, ఏ గుడి లేదా బడి పక్క సందు అన్నది కావాలి. గుంటూరువాళ్లకు ఈ విషయంలో సుఖం: బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. లొకేషన్ పంపేటప్పుడు కదిలే లైవ్ లొకేషన్ కాకుండా ఉన్నచోటి లొకేషన్ పంపండి, లైవ్ ఛార్జింగ్ తినేస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ఫోటో, వాయిస్ మెసేజ్ కదలకపోయినా రాసిన మాట ఎలాగోలా వెళుతుంది.

దానికి వచ్చే మొదటి జవాబు "అయ్యో" కాకూడదు. "ఇది నేను తీసుకున్నాను, పడవవాళ్లతో మాట్లాడుతున్నాను, 4.30కి మళ్లీ చెబుతాను" అనేది జవాబు. అది పడ్డాక మిగతావాళ్లు ఊరుకోవాలి. ముఖ్యంగా నీళ్లలో ఉన్నవాళ్లకు పరామర్శ ఫోన్లు చేయకూడదు, ఒక్కో పలకరింపుకూ కొంత ఛార్జింగ్ పోతుంది. బయటపడ్డాక "5.10కి బయటికి వచ్చారు, ఇక ఈ నంబరుకు చేయొద్దు" అని ఆ మెసేజ్‌నే పట్టుకుని రాయాలి. ఫార్వర్డ్ చేసినవారు తాము పంపిన ప్రతి గ్రూపులోనూ ఈ ముగింపు పెట్టాలి. పదిచోట్ల పంపడానికి ఓపిక ఉన్నప్పుడు పదిచోట్ల ముగించడానికీ ఉండాలి. గుంటూరు జనరల్ ఆసుపత్రికి రక్తం కావాలని తిరిగే మెసేజ్‌లకూ ఇదే వర్తిస్తుంది. దొరికాక ముగించకపోతే ఆ కుటుంబానికి వారాల తరబడి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

పుకారుకు జవాబివ్వడం ఇంకో విద్య. ఆ సెప్టెంబరులోనే బుడమేరుకు మళ్లీ వరద వస్తోందన్న ప్రచారం తిరిగి, అధికారులు కాదని ప్రకటించాల్సి వచ్చింది. రెండు బాణాల గుర్తుతో వచ్చిన మెసేజ్ అంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. దాని కింద "ఫేక్" అని ఒక్క మాట పెడితే ఏది ఫేకో తెలియదు, ఎవరూ నమ్మరు. ఆ మెసేజ్‌నే పట్టుకుని, ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు కాదన్నారో రాయాలి. తెలియకపోతే "నేను ఇంకా కనుక్కోలేదు, కనుక్కునేదాకా ఎవరికీ పంపొద్దు" అనడం కూడా మంచి జవాబే. ఖండించడానికైనా ఆ తప్పుడు మెసేజ్‌ను ఇంకో గ్రూపులోకి మోసుకెళ్లకండి.

శుభోదయం పూల బొమ్మల మీద కోప్పడేవాళ్లు ఎక్కువ. కానీ ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల విషయంలో ఆ బొమ్మ పొద్దున్నే లేచామని పిల్లలకూ పక్కింటివాళ్లకూ చెప్పే కబురు. దానికి వేరే గ్రూపు ఒకటి పెట్టండి, అందులో ఏ నియమమూ వద్దు.

చివరగా మేము కోరేది. వచ్చే జనరల్ బాడీ మీటింగులో పది నిమిషాలు దీనికి ఇవ్వండి. ఈ కింది నాలుగు వాక్యాలు మీ గ్రూపు వివరణలో పెట్టండి, మీ అవసరానికి తగ్గట్టు మార్చుకోండి:

"ఏ మెసేజ్‌కు జవాబో దాన్నే పట్టుకుని రాయండి. పని ఎవరు తీసుకున్నారో, మళ్లీ ఎప్పుడు చెబుతారో చెప్పండి, అయ్యాక మీరే ముగించండి. ఇద్దరి విషయం, డబ్బు విషయం విడిగా. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నీళ్లు, మంటలు, ఆసుపత్రి, దొంగలు తప్ప మరేదీ వద్దు."

చాలామంది వివరణ తెరిచి చదవరు. అందుకని ఇదే మాటను గ్రూపులో పెట్టి పిన్ కూడా చేయండి. పిన్ 30 రోజులకు మించి ఉండదు, తనంతట తానే ఊడిపోతుంది. కోశాధికారి నెలనెలా మెయింటెనెన్స్ గుర్తు చేసే రోజునే దీన్నీ మళ్లీ గ్రూపులో పెట్టి పిన్ చేస్తే మరిచిపోరు.

ఇట్లు,
అపార్ట్‌మెంటు గ్రూపులు నడిపే కొందరం
విజయవాడ, గుంటూరు